పౌర వేషధారణలో సైనిక చిహ్నాలు

సైన్యంలో లేనివారు సైనికుల దుస్తులను, హోదా గుర్తులను, రెజిమెంటు బ్యాడ్జీలను, పతకాలను, మచ్చల గుడ్డను (క్యామఫ్లాజ్) సోకు కోసం ధరించే అలవాటు దాదాపు అన్ని దేశాల్లోనూ ఉంది. దీనికి తెలుగులో ఒక్క మాటలో పేరు స్థిరపడలేదు. బట్టల కొట్టులో 'ఆర్మీ ప్యాంటు' అంటారు, రంగు అడిగితే 'మిలిటరీ కలర్' అంటారు, మంగలి షాపులో 'మిలిటరీ కటింగ్' అంటారు. బెంగళూరు తూర్పు అంచున తెలుగువారు ఎక్కువగా ఉండే కె.ఆర్.పురం ఈ అలవాటును దగ్గర నుంచి చూడటానికి అనువైన చోటు. కంటోన్మెంటు, రక్షణ పరిశ్రమలు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాల సెక్యూరిటీ గార్డులు, చవక బట్టల బజారు, తెలుగు సినిమా ప్రేక్షకులు అన్నీ అక్కడికి కొద్ది కిలోమీటర్ల లోపే ఉన్నాయి.

రంగు, కోత, గుర్తు

సైనిక దుస్తుల నుంచి పౌరులు తెచ్చుకునేవాటిని మూడు అంచెలుగా విడదీయవచ్చు. మొదటిది రంగు: ఖాకీ, ఆలివ్ ఆకుపచ్చ, మచ్చల గుడ్డ. రెండోది కోత: భుజం పట్టీలున్న చొక్కా, తొడల పక్కన పెద్ద జేబులున్న కార్గో ప్యాంటు, నడుము దగ్గర బిగించిన బాంబర్ జాకెట్. మూడోది గుర్తు: హోదాను తెలిపే నక్షత్రాలు, పటాలం బ్యాడ్జీ, పతకం, దాని రిబ్బను, టోపీ మీది లోహపు ముద్ర.

రంగు త్వరగా అందరి సొత్తవుతుంది. ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో డ్రైవరును చూసి ఎవరూ సైనికుడనుకోరు. కోత కూడా కాలక్రమంలో పుట్టిల్లు మరిచిపోతుంది. భుజం పట్టీ మొదట భుజానికి తగిలించుకున్న సంచుల తాళ్లు జారకుండా పట్టి ఉంచేది. ఇప్పుడు కాలేజీ కుర్రాడి చొక్కాకు ఒక బొత్తాంతో ఊరికే ఉంటుంది. గుర్తు సంగతి వేరు. అది మాట్లాడుతుంది. ఈ మనిషి ఫలానా పటాలంలో ఫలానా హోదాలో పనిచేశాడని చూసేవారికి చెబుతుంది. అందుకే ఈ విషయంలో వచ్చిన తగాదాలు, చట్టాలు ఎక్కువ భాగం మూడో అంచె చుట్టూనే తిరుగుతాయి.

తెలుగులో ఈ తేడాను పట్టిచ్చే పాత మాట ఒకటుంది: భుజకీర్తులు. రాజు వేషం కట్టిన నటుడికీ, ఉత్సవ విగ్రహానికీ భుజాల మీద అమర్చే ఆభరణం అది. లేని గొప్పను అంటగడితే 'భుజకీర్తులు తగిలించారు' అంటాం. భుజం మీద ఉన్నది కీర్తికి గుర్తు కావాలి గాని, కీర్తి లేనిచోట గుర్తు మాత్రమే ఉంటే ఎలా ఉంటుందో ఆ నానుడిలోనే ఉంది.

భుజం మీది లెక్క

భారత సైన్యంలో అధికారి భుజం మీది గుర్తులకు ఖచ్చితమైన వ్యాకరణం ఉంది. లెఫ్టినెంటుకు రెండు నక్షత్రాలు, కెప్టెనుకు మూడు. మేజరుకు నక్షత్రాలు పోయి అశోక స్తంభపు సింహాల ముద్ర వస్తుంది. లెఫ్టినెంట్ కల్నలుకు ఆ ముద్రతో పాటు ఒక నక్షత్రం, కల్నలుకు రెండు, బ్రిగేడియరుకు త్రికోణంగా పేర్చిన మూడు. మేజర్ జనరల్ నుంచి అడ్డంగా పెనవేసిన కత్తి, దండం వస్తాయి. లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్లకు భుజం మీద కాక చేతి మీద 'వి' ఆకారపు పట్టీలు వరుసగా ఒకటి, రెండు, మూడు ఉంటాయి. కల్నలు, ఆపై హోదాల వారికి కాలరు మీద ప్రత్యేకమైన పట్టీ ఉంటుంది. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, అంతకు పై అధికారులు తమ మూల రెజిమెంటు ఏదైనా ఒకే రకం బెరే టోపీ, బ్యాడ్జీలు, బెల్టు, బూట్లు ధరిస్తున్నారు. ఆ స్థాయిలో రెజిమెంటు అభిమానం కన్నా సైన్యమంతా ఒకటే అన్న భావన ముఖ్యమని సైన్యం భావించింది. బెరే రంగు మార్చడానికి కూడా ఇంత ఆలోచన నడుస్తుంది.

ఈ లెక్క తెలిసినవారికి బజారు జాకెట్టు చదవలేని రాతలా కనిపిస్తుంది. భుజం పట్టీ మీద నాలుగు నక్షత్రాలు వరుసగా కుట్టిన జాకెట్టు తీసుకోండి. భారత సైన్యంలో భుజం మీద అలాంటి హోదా లేదు. నాలుగు నక్షత్రాల జనరల్ అమెరికా పద్ధతి. దాని చేతి మీద మూడు పట్టీలుంటే, ఆ తొడుక్కున్నవాడు ఏకకాలంలో జనరలూ, సార్జెంటూ అవుతాడు. ఛాతీ మీద రంగురంగుల రిబ్బన్లు అతికించి ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. సైన్యంలో ప్రతి పతకానికీ దాని రిబ్బను రంగు నిర్ణీతం. సావిత్రీ ఖానోల్కర్ రూపకల్పన చేసిన పరమవీర చక్రకు ఊదారంగు రిబ్బను. దర్జీ తోచిన రంగులు పేర్చినప్పుడు ఎన్నడూ జరగని యుద్ధాలు ఛాతీ మీదికి వస్తాయి. మచ్చల గుడ్డదీ ఇదే కథ. బజారులో విరివిగా దొరికే పెద్ద మచ్చల నమూనా చాలాసార్లు 1981లో అమెరికా సైన్యం వాడుకలోకి తెచ్చిన అడవి నమూనాకు నకలు. దాని మీద 'ఇండియన్ ఆర్మీ' అని అచ్చు వేసి అమ్ముతారు.

ప్రపంచ చరిత్ర క్లుప్తంగా

17వ శతాబ్దంలో ఫ్రాన్సులో కొలువు చేసిన క్రొయేషియా సైనికుల మెడగుడ్డ నుంచి క్రావట్, దాని నుంచి నేటి టై వచ్చాయి. 1846లో విక్టోరియా రాణి కొడుకు ఆల్బర్ట్ ఎడ్వర్డుకు నావికుడి దుస్తులు కుట్టించి తొడిగారు. చిత్రకారుడు వింటర్‌హాల్టర్ ఆ బొమ్మ గీశాడు. ఆ తర్వాత తరాల తరబడి యూరపులోనూ, జపాన్ బడుల్లోనూ పిల్లలకు నావికుడి కాలరు మామూలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు కందకాల్లో తొడుక్కున్న వానకోటు యుద్ధానంతరం ట్రెంచ్ కోటుగా నగరాలకు వచ్చింది. దాని భుజం పట్టీలు, లోహపు వలయాలు నేటికీ అలాగే ఉన్నాయి. విమాన చోదకుల కోసం 1930లలో తయారైన కళ్లద్దాలదీ అదే దారి.

గుర్తులను తెలిసి తెలిసి తలకిందులు చేసింది 1960ల యువతరం. లండనులో 'ఐ వాజ్ లార్డ్ కిచెనర్స్ వ్యాలెట్' అనే దుకాణం పాత సైనిక కోట్లు అమ్మేది. జిమీ హెండ్రిక్స్ ధరించిన బంగారు జరీ కోటు అశ్వదళపు కోటే. అంతకు ముందు అతను అమెరికా సైన్యపు 101వ ఎయిర్‌బోర్న్ (పారాచ్యూట్) డివిజనులో సైనికుడిగా పనిచేశాడు. 1967లో బీటిల్స్ తమ 'సార్జెంట్ పెప్పర్' ఆల్బం కోసం మెరిసే శాటిన్‌తో సైనిక బ్యాండు కోట్లు కుట్టించుకున్నారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన కుర్రాళ్లు అదే సైన్యపు మిగులు జాకెట్లు వేసుకుని ఊరేగారు. 1971 ఏప్రిల్‌లో మాజీ సైనికులే వాషింగ్టనులో తమ పతకాలను క్యాపిటల్ భవనం ముందు విసిరేశారు. ఆ నిరసనకు అంత బరువు రావడానికి కారణం ఒకటే: ఆ పతకాలు నిజమైనవి.

దక్కనులో

ఈ అలవాటు మనకు పరాయి దిగుమతి మాత్రమే అనుకోనక్కరలేదు. టిప్పు సుల్తాను పదాతి దళం బబ్రీ అనే పులిచారల గుడ్డ తొడిగేది. పులి ఆయన రాజ్యపు ముద్ర. ఆయుధాల మీద, సింహాసనం మీద, సిపాయి ఒంటి మీద ఒకే గుర్తు ఉండేది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక, 1809లో బ్రిటిష్ దండు అక్కడి నుంచి బెంగళూరుకు మారి కంటోన్మెంటు వెలిసింది. సికింద్రాబాదు కంటోన్మెంటు అంతకు మూడేళ్ల ముందే, 1806లో ఏర్పడింది.

అంతకు ముందు తరంలో తెలుగువారికి మరింత దగ్గరి సంగతి ఒకటి జరిగింది. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగు సీమ నుంచి చేరిన సిపాయిలు ఎర్ర కోట్లతో ఉత్తరాదికి వెళ్లారు. అక్కడివారు వాళ్లను 'తిలంగా' అన్నారు. తర్వాత ఆ మాట ఊరితో సంబంధం తెంచుకుని, కంపెనీ కోటు తొడిగిన సిపాయి ఎవరైనా సరే అతనికి పేరైంది. 1857 నాటి ఢిల్లీ రాతల్లో అవధ్ నుంచి వచ్చిన సిపాయిలు కూడా తిలంగాలే. ఒక జాతి పేరు ఒక యూనిఫాం పేరుగా మారడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

యూనిఫాం అలా పైకి వెళ్తే, దాని ముక్కలు కిందికి దిగి పౌరుల్లో కలిశాయి. కచేరీల్లో ఇత్తడి బిళ్ల తగిలించుకుని నిలబడే ఉద్యోగిని బిళ్ల బంట్రోతు అన్నారు. అతని అధికారమంతా ఆ బిళ్లలో ఉండేది. అశ్వదళంలో హవల్దారుకు సమానమైన 'దఫేదార్' హోదా కలెక్టరు వెంట నడిచే బంట్రోతు పేరై స్థిరపడింది. పెళ్లి ఊరేగింపులో వాయించే బ్యాండు మేళం వాళ్ల ఎర్ర కోటు, బంగారు జరీ, వేలాడే కుచ్చులు, అంచు టోపీ బ్రిటిష్ సైనిక బ్యాండు నుంచి నేరుగా వచ్చినవే. దక్షిణాది పట్టణాల్లో రెజిమెంటు హోదాను ఒంటి మీద వేసుకున్న తొలి పౌరులు బహుశా వీళ్లే. ఆ కోటును చూసి ఎవరూ మోసపోరు. దాని కింద పాత లుంగీ అంచు, రబ్బరు చెప్పులు కనిపించినా పెళ్లివారు తప్పు పట్టరు. గుర్తు ఇక్కడ పూర్తిగా అలంకారమైపోయింది.

ఖాకీది ఇంకో దారి. మట్టి రంగు అనే అర్థమున్న ఈ ఉర్దూ మాట 1846లో పెషావరులో ఏర్పడిన గైడ్స్ దళం దుస్తులతో సైన్యంలోకి వచ్చింది. ఖాకీ అద్దకాన్ని 19వ శతాబ్దం మధ్యలో మంగళూరు బాసెల్ మిషన్ నేతశాలలో జాన్ హాలర్ రూపొందించాడని కన్నడ నాట ప్రసిద్ధి. సైన్యం నుంచి పోలీసుకు, పోలీసు నుంచి పోస్టుమ్యానుకు, బస్సు కండక్టరుకు, ఆటో డ్రైవరుకు ఖాకీ పాకింది. 1982-83 ఎన్నికల ప్రచారంలో ఎన్.టి. రామారావు చైతన్యరథం మీద ఖాకీ దుస్తుల్లో తిరిగినప్పుడు జనం అందులో శ్రమజీవిని చూశారు. అప్పటికే ఖాకీ సైన్యానిది కాకుండా పోయింది.

రాజకీయాల్లో అసలు సైనిక హోదానే ధరించిన సందర్భం 1928 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు మహాసభల్లో వచ్చింది. స్వచ్ఛంద సేవకుల దళానికి సేనానిగా సుభాష్ చంద్రబోస్ పూర్తి సైనిక దుస్తుల్లో కవాతు నడిపించాడు. అహింసావాదులకు అది రుచించలేదు. పరాయి పాలనలో ఆయుధం పట్టే హక్కు లేని పౌరుడు ఆ దుస్తులు వేసుకోవడమే ఒక ప్రకటన.

కె.ఆర్.పురంలో

కృష్ణరాజపురం అనే పూర్తి పేరు రైలు టిక్కెట్ల మీదే ఎక్కువగా కనిపిస్తుంది. కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు వైపు సాగే పాత మద్రాసు రోడ్డు మీద, మద్రాసు రైలు మార్గం పక్కన ఉన్న ఈ ఊరు ఎప్పటి నుంచో తెలుగు దారి. ఆ దారి పొడవునా కోలారు జిల్లా తెలుగు పల్లెలున్నాయి. చిత్తూరు, అనంతపురం, కడప నుంచి వచ్చినవారు ఇక్కడ పాతుకుపోయారు. మహదేవపుర, వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో కొత్త తరం తెలుగువారు పీజీ హాస్టళ్లలో చేరారు. 2003లో వచ్చిన తీగల వంతెనను అందరూ హ్యాంగింగ్ బ్రిడ్జి అంటారు. 2023లో మెట్రో కూడా ఊరి మీదుగా మొదలైంది.

సైన్యం నీడ ఈ ప్రాంతం మీద గట్టిగా ఉంది. ఊరి అంచున దూరవాణినగర్‌లో 1948లో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ) సైన్యానికి సమాచార వ్యవస్థలు అందించింది. సి.వి. రామన్ నగర్‌లో రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, ఇంకొంచెం దూరంలో హెచ్ఏఎల్ విమాన కర్మాగారం ఉన్నాయి. అలసూరులో మద్రాస్ శాపర్ల (సైనిక ఇంజనీర్ల) కేంద్రం, నగరంలోనే పారాచ్యూట్ రెజిమెంటు శిక్షణ కేంద్రం ఉన్నాయి. మాంసాహారం వడ్డించే భోజనశాలలను 'మిలిటరీ హోటల్' అనడం కూడా ఈ సీమ అలవాటే. ఆ పేరున్న హోటల్లో భోంచేస్తున్నవాడు సైనికుడై ఉంటాడని ఎవరూ అనుకోరు.

ఇలాంటి చోట బట్టల బజారులో మచ్చల గుడ్డ కరువు కాదు. తోపుడు బండి మీద కుప్పగా పోసిన కార్గో ప్యాంట్లు, మచ్చల టోపీలు, ఆలివ్ టీషర్టులు కొనేవారిలో ఎక్కువ మంది రకరకాల పనులు చేసుకునేవారే. సెంట్రింగు మేస్త్రీకి ఆ ప్యాంటు నచ్చడానికి కారణం సోకు కన్నా సౌకర్యం: ఆరు జేబులుంటాయి, మురికి కనిపించదు, మోకాలి దగ్గర త్వరగా చిరగదు. సైన్యం ఆ ప్యాంటును ఏ కారణాలతో తయారు చేసుకుందో అతనూ అవే కారణాలతో కొంటాడు. ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడితే బడి పిల్లల వేషధారణ పోటీలకు అద్దె దుస్తులు కావాలి. ఐదేళ్ల పిల్లవాడికి మచ్చల చొక్కా, ప్లాస్టిక్ తుపాకి, బంగారు కాగితం పతకాలు వస్తాయి. తల్లి కాటుకతో మీసం దిద్దుతుంది. పగటి వేషగాళ్ల సంప్రదాయం ఉన్న తెలుగువారికి ఇది కొత్త కాదు. వేషమని అందరికీ తెలిసిన వేషం ఎవరినీ నొప్పించదు.

ఈ ఊళ్లో అసలు ఆసక్తికరమైన చోటు బజారు కాదు, ఆఫీసు గేటు. సాఫ్ట్‌వేర్ పార్కుల ముందు, అపార్టుమెంట్ల ముందు నిలబడే సెక్యూరిటీ గార్డును దగ్గరగా చూడండి. ముదురు నీలం చొక్కా, భుజాన అల్లిన తాడు, నల్ల బెరే టోపీ, దాని మీద మెరిసే లోహపు ముద్ర, సూపర్‌వైజర్ అయితే భుజం మీద రెండు మూడు నక్షత్రాలు. ప్రైవేటు సెక్యూరిటీ సంస్థల నియంత్రణ చట్టం, 2005లోని 21వ సెక్షను దీన్ని నేరుగా తాకుతుంది. గార్డుగాని సూపర్‌వైజర్‌గాని సైన్యం, పోలీసుల యూనిఫాంనో, దాని ప్రత్యేక గుర్తులున్న దుస్తులనో ధరిస్తే అతనికీ, సంస్థ యజమానికీ ఏడాది వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. అదే చట్టం గార్డు ఉద్యోగాల్లో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చునని చెబుతుంది. ఫలితంగా గేటు దగ్గర ఒక వింత ఏర్పడుతుంది. నిజంగా హవల్దారుగా పదిహేనేళ్లు చేసి వచ్చిన మనిషి తన మూడు పట్టీలు పెట్టెలో దాచి, ఏ సైన్యంలోనూ లేని హోదా నక్షత్రాలు పెట్టుకుని కార్లకు సెల్యూట్ కొడుతుంటాడు.

వెండితెర, క్రికెట్టు

తెలుగులో సైనిక దుస్తుల ఆకర్షణకు సినిమా పెద్ద వాహనం. 1982 నాటి 'బొబ్బిలిపులి'లో ఎన్.టి. రామారావు మేజరుగా కనిపించారు. తర్వాతి కాలంలో 'కంచె' (2015), 'నా పేరు సూర్య' (2018), 'సరిలేరు నీకెవ్వరు' (2020), 'సీతారామం' (2022) వరుసగా కథానాయకుడిని సైనికుడిగా చూపాయి. 2022లోనే వచ్చిన 'మేజర్' బెంగళూరులో పెరిగి, ముంబయి దాడుల్లో ప్రాణాలర్పించిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ జీవితకథ. సినిమా విడుదలైన రోజుల్లో అభిమానుల కటౌట్ల మీద, బ్యానర్ల మీద, టీషర్టుల మీద ఆ దుస్తులే. సైన్యాన్ని ఇతివృత్తంగా తీసుకునే సినిమాలు, వెబ్ సిరీస్‌లు ముందుగా అనుమతి పొందేలా చూడాలని రక్షణ శాఖ 2020 జులైలో కోరింది. తెర మీద యూనిఫాం తప్పుగా కనిపిస్తే ఆ తప్పు వీధుల్లోకి కూడా వస్తుందన్నది అందులోని ఒక ఆందోళన.

మైదానంలో ఎక్కువ చర్చకు వచ్చింది మహేంద్రసింగ్ ధోని చేతి తొడుగు. 2011లో ఆయనకు టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. ఆయన అనుబంధం పారాచ్యూట్ రెజిమెంటుతో. 2019 జూన్ 5న ప్రపంచ కప్పులో దక్షిణాఫ్రికా మ్యాచ్‌లో ఆయన కీపింగ్ తొడుగుల మీద పారా ప్రత్యేక దళాల 'బలిదాన్' బ్యాడ్జీలోని కటారి గుర్తు కనిపించింది. క్రీడా సామగ్రి నిబంధనల ప్రకారం అది తీసేయాలని ఐసీసీ చెప్పింది, భారత బోర్డు కోరినా అనుమతి ఇవ్వలేదు. తర్వాతి మ్యాచ్‌కు ఆయన గుర్తు లేని తొడుగులు వేసుకున్నారు. దేశంలో చాలామంది ఇందులో దేశభక్తిని చూశారు. మాజీ సైనికులు కొందరు మరో ప్రశ్న అడిగారు: ప్రాణం పణంగా పెట్టి సంపాదించే గుర్తు ఆటసామాను మీద ఉండవచ్చా? రెంటికీ సమాధానం ఒకే చోట దొరకదు. అదే ఏడాది మార్చిలో పుల్వామా అమరులకు నివాళిగా భారత జట్టు రాంచీలో మచ్చల టోపీలు పెట్టుకున్నప్పుడు ఇలాంటి అభ్యంతరం దేశంలో రాలేదు. టోపీ రంగు మాత్రమే, తొడుగు మీదిది గుర్తు.

చట్టం

భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను ఈ విషయానికి మూలం. పాత శిక్షాస్మృతిలో ఇది 140వ సెక్షను. సైనికుడు, నావికుడు, వైమానికుడు కానివారు తాము అలాంటివారమని ఇతరులు నమ్మాలనే ఉద్దేశంతో సైనిక దుస్తులను పోలినవి ధరించినా, గుర్తులు పెట్టుకున్నా మూడు నెలల వరకు జైలు లేదా రూ.2,000 వరకు జరిమానా లేదా రెండూ. ఇక్కడ ముఖ్యమైన మాట 'ఉద్దేశం'. మచ్చల ప్యాంటుతో సంతకు వెళ్లడం ఈ సెక్షను కిందికి రాదు. అదే ప్యాంటుతో, భుజం మీద గుర్తులతో టోల్‌గేటు దగ్గర 'నేను మేజరుని' అంటే వస్తుంది.

దీని పక్కన మరికొన్ని చట్టాలున్నాయి. నిషిద్ధ ప్రదేశాల్లోకి వెళ్లడానికి యూనిఫాం వాడటాన్ని అధికార రహస్యాల చట్టం, 1923 నేరంగా పరిగణిస్తుంది. మేజరు నుంచి బ్రిగేడియరు వరకు హోదాల గుర్తులో సింహాల ముద్ర ఉంటుంది గనుక దాన్ని అనధికారంగా వాడితే భారత రాజ్య చిహ్నం (అనుచిత వినియోగ నిషేధ) చట్టం, 2005 కూడా వర్తించవచ్చు. అందులో రెండేళ్ల వరకు జైలు ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప వేరే వాహనాలకు ఆలివ్ ఆకుపచ్చ రంగు వేయకూడదు. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ రెండో ప్రపంచ యుద్ధపు పారాచ్యూట్ బైకును గుర్తుచేస్తూ 'పెగాసస్' పేరుతో 1,000 బైకులు తెచ్చింది. బ్రిటిష్ పారాచ్యూట్ రెజిమెంటు చిహ్నంతో సహా. విదేశాల్లో ఆలివ్ రంగులో దొరికిన ఆ బండి, భారతదేశానికి కేటాయించిన 250 బైకుల్లో మాత్రం గోధుమ రంగులోనే వచ్చింది.

2016 జనవరి 2న పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవారు సైనిక దుస్తుల్లో వచ్చారు. కొద్ది రోజులకే సైన్యం పౌరులు ఆ తరహా దుస్తులు ధరించవద్దని, దుకాణదారులు అమ్మవద్దని విజ్ఞప్తి చేసింది. విజ్ఞప్తి చట్టం కాదు. ఆ ఖాళీని పూరించడానికి సైన్యం తర్వాత మేధోసంపత్తి దారి పట్టింది. 2022 జనవరి 15న సైనిక దినోత్సవం నాడు ఆవిష్కరించిన కొత్త పోరాట దుస్తుల నమూనాను జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ నిఫ్ట్ సాయంతో రూపొందించారు. సైన్యం దాన్ని కోల్‌కతాలోని పేటెంట్లు, డిజైన్ల కార్యాలయంలో నమోదు చేయించింది. 2022 అక్టోబరు 21 నాటి అధికారిక పత్రికలో అది ప్రచురితమైంది. హక్కు మొదట పదేళ్లు, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. దీంతో ఆ గుడ్డను నకలు చేసి అమ్మేవారి మీద సైన్యం సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. పాత చట్టం వేసుకున్నవాడి మనసులోని ఉద్దేశాన్ని వెదికేది. కొత్త హక్కు కొట్టువాడి గల్లాపెట్టె దగ్గర నిలబడుతుంది.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో 1894 నాటి యూనిఫాంల చట్టం అనుమతి లేకుండా సైనిక దుస్తులు వేసుకోవడాన్ని నేరం చేసినా నాటకాలకు మినహాయింపు ఇచ్చింది. అమెరికాలోనూ నటులకు మినహాయింపు ఉండేది, అయితే సైన్యాన్ని చిన్నబుచ్చని నాటకమైతేనే. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ వీధి నాటకంలో యూనిఫాం వేసుకున్న డేనియల్ షాక్ట్ కేసులో 1970లో అక్కడి సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. పొగిడేవాడికి అనుమతించి తిట్టేవాడికి కాదనడం కుదరదన్నది దాని సారాంశం. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ వంటి కరీబియన్ దేశాల్లో పౌరులకు మచ్చల గుడ్డే నిషేధం. అమెరికా నుంచి క్రూయిజ్ ఓడల్లో వెళ్లే తెలుగు కుటుంబాలు పిల్లాడి మచ్చల నిక్కరు కూడా ఇంట్లో వదిలి వెళ్లడం మంచిది. గుర్తు తప్పు చోట పడితే ఏమవుతుందో 2005 జనవరిలో బ్రిటన్ రాకుమారుడు హ్యారీకి తెలిసింది. ఒక వేషాల విందుకు స్వస్తిక పట్టీతో జర్మన్ సైనిక దుస్తుల్లో వెళ్లి, దేశానికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

వాదాలు

ఈ అలవాటును సమర్థించేవారు దాన్ని అభిమానంగా చూస్తారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో సైన్యంలోకి వెళ్లడం తరతరాల ఆచారం. అలాంటి ఊరి కుర్రాడు ఎంపికకు ముందే మచ్చల టీషర్టు తొడుక్కుని పరుగు సాధన చేస్తే దాన్ని ఎవరూ వెక్కిరించరు. అది రేపటి మీద ఆశ. వ్యతిరేకించేవారు భద్రతను, గౌరవాన్ని చూపుతారు. నకిలీ అధికారి వేషంలో పెళ్లి సంబంధాలు, ఉద్యోగాల పేరిట డబ్బు వసూళ్లు చేసిన మోసాలు పత్రికల్లో తరచుగా వస్తూనే ఉన్నాయి. అవన్నీ మొదలయ్యేది అద్దె యూనిఫాంతో, బజారులో కొన్న గుర్తులతో. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అన్న సామెత వీళ్లకు సరిపోదు. ఆ నక్క తన ఒళ్లు కాల్చుకుంటుంది, వీళ్లు ఎదుటివాళ్ల ఇల్లు కాలుస్తారు.

రెండు వాదాల మధ్య గీత ఎక్కడ పడుతుందో పై అంచెల విభజన చూపుతుంది. రంగు, కోత దాదాపుగా జనం సొత్తయిపోయాయి. గుర్తు ఇంకా దాన్ని సంపాదించినవారిదే. కొత్త పోరాట దుస్తుల నమూనా మీద సైన్యం హక్కుకు పదేళ్లు, పొడిగిస్తే పదిహేనేళ్లు గడువుంది. 168వ సెక్షనుకు గడువు లేదు.